జీతం 35 శాతం తక్కువ, కానీ రాత్రి నిద్ర ఉంటుంది. వెళ్లాలా, వద్దా?

నిద్రలేని_రాత్రి
మూడు వారాల్లో జవాబు చెప్పాలి. ఇలాంటి పరిస్థితి దాటిన వాళ్లుంటే ఏం చేశారో రాయండి.

వయసు 37. డబ్బు చెల్లింపుల సాఫ్ట్‌వేర్ నడిపే పెద్ద కంపెనీలో సపోర్ట్ టీమ్ లీడ్‌ని. నా కింద 14 మంది. ఎక్కడ లావాదేవీ ఆగినా ముందు మోగేది నా ఫోనే. వారానికి ఆఫీసులో 58 గంటలు, రాకపోకలకు 8, రాత్రి కాల్స్‌కి ఇంకో 4. జీతం బాగుంది, ఆ విషయంలో ఎవరినీ అనడానికి లేదు.

ఇప్పుడు నా పాత మేనేజర్ ఒక చిన్న కంపెనీకి రమ్మంటున్నారు. ఆసుపత్రి రికార్డుల సాఫ్ట్‌వేర్. మళ్లీ కోడ్ రాసే పని. నాకు ఇష్టమైనది, ఆరేళ్లుగా చేయలేకపోతున్నది. వారానికి 42 గంటలు, రాకపోకలు 3. రాత్రి కాల్స్ లేవు. జీతం మాత్రం 35 శాతం తక్కువ.

ఇంటి అప్పు 9 ఏళ్లు మిగిలి ఉంది. పాపకి ఆరేళ్లు. మా ఆవిడ సగం రోజు ఉద్యోగం చేస్తుంది. ఆమె జీతం పాప చదువుకి, మా అమ్మ మందులకి సరిపోతుంది.

పోయిన నెల బస్సులో వెళ్తుంటే పక్కన కూర్చున్నాయన ఫోన్ మోగింది. నా ఫోన్‌లో రాత్రి కాల్స్‌కి పెట్టుకున్న రింగ్‌టోనే. ఆ రోజు నాకు సెలవు. అయినా రెండు చేతులూ చల్లబడిపోయాయి, గుండె దడదడలాడింది. ఆయన ఫోనెత్తి "వచ్చేస్తున్నా" అని పెట్టేశాడు. నేను తేరుకునేసరికి దిగాల్సిన స్టాప్ దాటిపోయింది. అప్పటి నుంచి ఇదే ఆలోచన.

మెట్టెక్కుతున్నా
35 శాతం అంటే చిన్న మాట కాదు. రెండు మూడు ప్రమోషన్లు వెనక్కి ఇచ్చేసినట్టు. ఇంకోసారి ఆలోచించండి.

కొండగాలి
ఆ రింగ్‌టోన్ సంగతి చదివి ఆగిపోయాను. నాకు మెయిల్ వచ్చిన చప్పుడుకి అలాగే అయ్యేది. ఉద్యోగం మానేసిన ఏడాదికి గానీ పోలేదు.

లెక్కలపిచ్చి
ముందు గంటల లెక్క చూద్దాం. ఇప్పటి జీతం 100 అనుకోండి. మీరు పెడుతున్నది 58+8+4, మొత్తం 70 గంటలు. 100ని 70తో భాగిస్తే 1.43. కొత్త జీతం 65, గంటలు 45. భాగిస్తే 1.44. నెల జీతాన్ని వారం గంటలతో భాగించాను, రెండు వైపులా అదే పద్ధతి కాబట్టి పోలికకు ఇబ్బంది లేదు.

అంటే మీ గంట విలువ పైసా తగ్గడం లేదు. మీరు అమ్ముతున్న గంటలు తగ్గుతున్నాయి, అంతే. వారానికి 25 గంటలు తిరిగి మీ చేతికొస్తాయి.

ముందు_అప్పు_తీరాలి
లెక్కలపిచ్చి గారూ, లెక్క సరైనదే. కానీ అప్పిచ్చినవాడు గంటకి ఎంత అని అడగడు. నెల తిరిగేసరికి వాయిదా మొత్తం కావాలంటాడు. తిరిగొచ్చిన 25 గంటలతో వాయిదా కట్టలేం కదా.

నా సలహా వేరు. మూడేళ్లు పళ్లు బిగించి ఉండండి. వచ్చే ప్రతి బోనస్‌నీ అప్పులోకి పంపండి. సగం తీరాక మనసుకు నచ్చిన పనికి వెళ్లండి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి.

పాత_గడియారం
నేనూ మూడేళ్లనే అనుకున్నాను తమ్ముడూ. పదకొండేళ్లయింది. అప్పు నాలుగో ఏట తీరింది. అప్పటికి ఇంకో ఇల్లు కొన్నాం, ఆ తర్వాత పిల్లాడి పైచదువు వచ్చింది. జీతం పెరిగే కొద్దీ ఖర్చు దాని వెనకాలే నడుస్తుంది. మూడేళ్లు అని గీత గీసినవాళ్లలో ఆ గీత దగ్గర నిజంగా ఆగినవాళ్లను నేను ఇద్దరినే చూశాను.

ముందు_అప్పు_తీరాలి
ఆ ఇద్దరిలో ఒకరు అవ్వొచ్చుగా?

పాత_గడియారం
అవ్వొచ్చు. కానీ సెలవు రోజున బస్సులో చేతులు చల్లబడే మనిషిని ఇంకో మూడేళ్లు ఉండమని నేను అనలేను.

పగటి_డాక్టర్
రింగ్‌టోన్ గురించి. అది మీ బలహీనత కాదు. నిద్రలో ఉన్న మనిషిని ఒకే చప్పుడు పదేపదే ఉలిక్కిపడేలా లేపితే, ఆ చప్పుడు వినగానే శరీరం ప్రమాదం వచ్చినట్టే స్పందించడం నేర్చుకుంటుంది. అది ఎవరి ఫోన్ అన్నది మెదడు తర్వాత ఆలోచిస్తుంది. గుండె ముందే పరుగెడుతుంది.

గంటల గురించి ఇంకో మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక పరిశీలన ప్రచురించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55, ఆపైన గంటలు పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెకు రక్తం అందక చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ అని తేల్చాయి. మీకు రాకపోకలు వదిలేసినా 62. భయపెట్టడానికి రాయడం లేదు. మీకేదో అవుతుందని కూడా కాదు, ఇవి లక్షల మందిని చూసి కట్టిన అంచనాలు. కానీ జీతం ఒక పళ్లెంలో పెట్టి తూస్తున్నప్పుడు రెండో పళ్లెంలో ఇది కూడా ఉండాలి.

ఏ నిర్ణయం తీసుకున్నా, ఈలోగా ఒకసారి బీపీ చూపించుకోండి. ఆ దడ మళ్లీ వస్తే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

మెట్టెక్కుతున్నా
నాది వేరే అనుభవం. 26 ఏళ్లు, వారానికి 60 గంటలు పైనే చేస్తున్నా, ఇష్టంగానే చేస్తున్నా. ఒత్తిడి ఉంది. కానీ ఏ పని ముందు చేయాలో, ఎలా చేయాలో నా ఇష్టం. ఎక్కువ పని అంటేనే చెడ్డది అన్నట్టు మాట్లాడితే ఒప్పుకోను.

పుస్తకాల_పురుగు
మీరు చెప్పిన "నా ఇష్టం" దగ్గరే అసలు సంగతి ఉంది. రాబర్ట్ కరాసెక్ అనే ఆయన 1979లో ఈ మాటే చెప్పాడు. పని భారం ఒక్కటే మనిషిని నలిపేయదు. భారం ఎక్కువై, దాని మీద అధికారం తక్కువైతే నలిగిపోతాడు. రెండూ ఎక్కువగా ఉంటే అదే పని మనిషిని ఎదగనిస్తుంది కూడా.

బ్రిటన్‌లో మైకేల్ మార్మాట్ బృందం ప్రభుత్వ ఉద్యోగుల్ని ఏళ్ల తరబడి పరిశీలించింది. గుండె జబ్బులు పెద్ద బాధ్యతలున్న పై అధికారుల్లో ఎక్కువ ఉంటాయని చాలామంది అనుకునేవాళ్లు. తేలింది తలకిందులు. కింది స్థాయి వాళ్లలో ఎక్కువ. తర్వాతి పరిశీలనల్లో, చేసే పని మీద తమకు పట్టు లేకపోవడం అందులో ఒక ముఖ్య కారణంగా కనిపించింది.

కాబట్టి నిద్రలేని_రాత్రి గారికి ఒక ప్రశ్న. మిమ్మల్ని పిండేస్తున్నది పని ఎంత ఉందన్నదా, ఎప్పుడు మోగుతుందో తెలియకపోవడమా?

నిద్రలేని_రాత్రి
రెండోది. నిజంగా రెండోదే. ఫోన్ మోగని రాత్రుల్లో కూడా నిద్ర పట్టదు, ఇంకా మోగలేదేమా అని. పైగా మోగిన వాటిలో సగం మా టీమ్ చేతిలో లేని తప్పులు. వేరే టీమ్ వాళ్లు మార్పులు చేస్తారు, అవి విరిగితే మేం లేవాలి. ఆ మార్పులు ఎప్పుడు చేయాలో చెప్పే హక్కు మాకు లేదు.

పాత_గడియారం
అయితే వెళ్లే ముందు అక్కడే అడిగి చూశారా? రాత్రి వంతులు పంచమనో, లీడ్ బాధ్యత వదిలి మామూలు ఇంజనీర్‌గా ఉంటాననో. ఉద్యోగం మారకుండానే బాగుపడే దారి ఉంటే అది మొదటిది.

నిద్రలేని_రాత్రి
రెండుసార్లు అడిగాను. మొదటిసారి "వచ్చే మూడు నెలల్లో చూద్దాం" అన్నారు. అది పోయిన ఏడాది. రెండోసారి ఇద్దరు కొత్తవాళ్లనిచ్చారు. వాళ్లకి పని నేర్పడం కూడా నా మీదే పడింది.

ఒడ్డున_పడవ
అందరూ వెళ్లమనే దిశగా వస్తున్నారు కాబట్టి నా కథ కూడా చెప్పాలి.

నేను నాలుగేళ్ల కింద ఇలాగే వెళ్లాను. జీతం 40 శాతం తక్కువ. మొదటి ఎనిమిది నెలలు స్వర్గం. సాయంత్రం వెలుగుండగానే ఇంటికి రావడం అంటే ఏమిటో మర్చిపోయానని అప్పుడే తెలిసింది. తర్వాత నన్ను తీసుకున్న మేనేజర్ వెళ్లిపోయారు. కొత్తగా వచ్చినాయన ప్రతి గంటకీ లెక్క అడిగే మనిషి. ఏడాది తిరిగేసరికి టెన్షన్ పాత ఉద్యోగంలో ఉన్నంతా వచ్చింది, జీతం మాత్రం తక్కువే. అదే సమయంలో మా నాన్నకి ఆపరేషన్. డబ్బు సర్దలేక అన్నయ్యని అడగాల్సి వచ్చింది. అన్నయ్య ఒక్క మాట కూడా అనలేదు. అయినా ఆ రాత్రి నేను పడ్డ బాధ రాత్రి కాల్స్‌లో ఎప్పుడూ పడలేదు.

వెళ్లొద్దని కాదు నేననేది. మీరు ఎంచుకుంటున్నది "సంతోషమైన ఉద్యోగం" కాదు. ఈ రోజుకి, ఈ మేనేజర్ ఉన్నంతవరకు సంతోషంగా కనిపిస్తున్న ఉద్యోగం. తగ్గిన జీతం కాగితం మీద ఖాయంగా ఉంటుంది, సంతోషం ఏ కాగితం మీదా ఉండదు.

కొండగాలి
చివరి మాట చాలా నిజం.

ఇంట్లో_నేనూ_ఉన్నా
ఇంతమంది రాశారు, ఒక్కరూ అడగలేదు. మీ ఆవిడ ఏమన్నారు?

మా ఇంట్లో ఉద్యోగం మారింది మా ఆయన. నాకు చెప్పారు, అడగలేదు. ఆ రెంటికీ చాలా తేడా ఉంది. జీతం తగ్గాక ఏ ఖర్చు మానాలో చూసుకునే పని నాకు వచ్చింది. నిర్ణయం ఆయనది, సర్దుబాటు నాది. ఆరు నెలలు కోపంగానే ఉన్నాను.

అలాగని పాత ఉద్యోగం ఉన్నప్పుడు బాగుండేదా అంటే, లేదు. అర్ధరాత్రి ఫోన్ మోగితే లేచేది ఆయన ఒక్కరే కాదు. పాప లేస్తే పడుకోబెట్టేది నేను. ఆయన శనివారం అంతా పడుకుంటే ఇల్లు నడిపేది నేను. ఆ ఒత్తిడికి నాకెవరూ జీతం ఇవ్వలేదు. ఇప్పుడు ఆయన సాయంత్రం పాపతో కూర్చుని హోంవర్క్ చేయిస్తారు, నాకు రోజుకి గంటన్నర దొరుకుతుంది. మళ్లీ అడిగితే నేనూ వెళ్లమనే చెప్తాను. కానీ అడగాలి. లెక్కల కాగితం ఇద్దరి ముందూ ఉండాలి.

నిద్రలేని_రాత్రి
మీరు రాసింది చదివాక ఫోన్ పక్కన పెట్టేశాను. నేను కూడా చెప్పానే గానీ అడగలేదు. "ఆఫర్ వచ్చింది, జీతం తక్కువ, చూడాలి" అన్నాను. తను "నీ ఇష్టం" అంది. దాన్ని ఒప్పుకోవడం అనుకున్నాను. ఈ రాత్రి కూర్చుని మాట్లాడతాం.

ఇంట్లో_నేనూ_ఉన్నా
"నీ ఇష్టం" ఒప్పుకోవడం కాదండీ. పాప పడుకున్నాక మాట్లాడండి, తీరిగ్గా.

లెక్కలపిచ్చి
మాట్లాడేటప్పుడు ఒక పని చేయండి. గత ఆరు నెలల ఖాతా లెక్కలు ముందు పెట్టుకుని ప్రతి ఖర్చు పక్కనా ఒక గుర్తు పెట్టండి. ఇది ఎలాగూ ఉండేది, ఇది మాకు నచ్చి చేసింది, ఇది అలసిపోయి చేసింది. మూడో రకం ఎంతుందో చూస్తే ఆశ్చర్యపోతారు. ఇంకోటి, 35 శాతం తగ్గేది మొత్తం జీతంలో. ఆదాయం పెరిగేకొద్దీ పన్ను రేటు పెరిగే చోట, చేతికొచ్చేది అంతకంటే తక్కువే తగ్గుతుంది.

మెట్టెక్కుతున్నా
డబ్బు ఒక స్థాయి దాటాక సంతోషం పెరగదని ఎక్కడో చదివాను. అది నిజమైతే ఈ చర్చే అక్కర్లేదు కదా?

పుస్తకాల_పురుగు
అంత తేలిగ్గా తేలలేదు. 2010లో మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్, ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ అమెరికాలో నాలుగున్నర లక్షల జవాబులు చూసి, ఏడాదికి సుమారు 75,000 డాలర్ల కుటుంబ ఆదాయం దాటాక రోజువారీ సంతోషం పెరగడం ఆగుతోందని రాశారు. 2021లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ వేరే పద్ధతిలో చూసి, ఆగడం లేదు, పెరుగుతూనే ఉందన్నాడు. అప్పుడు కానెమన్, కిల్లింగ్స్‌వర్త్ పోట్లాడుకోకుండా బార్బరా మెల్లర్స్‌ని మధ్యవర్తిగా పెట్టుకుని ఒకే సమాచారాన్ని కలిసి చూశారు. 2023లో వచ్చిన ఫలితం ఇదీ: ఎక్కువమందికి ఆదాయంతో పాటు సంతోషం పెరుగుతూనే ఉంది. అందరికంటే దిగులుగా ఉన్న దాదాపు 20 శాతం మందికి మాత్రం ఒక స్థాయి దాటాక ఆగిపోతోంది.

నాకు అందులో నచ్చింది ఆ చివరి భాగం. కొన్ని రకాల బాధల్ని డబ్బు కొంతవరకే తగ్గిస్తుంది. కానీ ఇవన్నీ వేరువేరు మనుషుల్ని పక్కపక్కన పెట్టి చూసినవి. ఒకే మనిషి జీతం మూడో వంతు తగ్గితే ఏమవుతుందో వాటిలో వెతక్కూడదు. ఒడ్డున_పడవ గారి అనుభవమే ఎక్కువ పనికొస్తుంది.

ఒడ్డున_పడవ
అయితే నా అనుభవం నుంచి ఇంకో మాట. చేరే ముందు నేను అడగనివి మీరు అడగండి. ఈ స్థానంలో ముందున్న మనిషి ఎందుకు వెళ్లాడు? టీమ్‌లో వాళ్లు సగటున ఎన్నేళ్లుగా ఉన్నారు? కంపెనీకి వచ్చే డబ్బులో ఒకే కస్టమర్ నుంచి ఎంత వస్తోంది? రాత్రి కాల్స్ లేవన్నది నోటిమాటా, ఉత్తరంలో ఉందా? మేనేజర్‌ని కాకుండా ఆ టీమ్‌లో మామూలు ఉద్యోగినొకరిని కలిసి మాట్లాడండి. గంట చాలు, మొహం చూస్తేనే చాలా తెలుస్తుంది.

నిద్రలేని_రాత్రి
తొమ్మిది రోజులు పట్టింది. ఏం జరిగిందో మొత్తం రాస్తున్నాను.

మా ఆవిడతో మాట్లాడటం ఒక రాత్రితో అవ్వలేదు, నాలుగు రాత్రులు పట్టింది. తనకి భయం జీతం గురించి కాదట. నేను ఆరు నెలల తర్వాత "నీ కోసమే వదులుకున్నా" అంటానేమోనని. నేను అలా అనే మనిషిని కాదనుకున్నాను. పాత విషయాలు రెండు గుర్తు చేసింది. మాట్లాడలేకపోయాను.

లెక్కలు. చేతికొచ్చేది ఇప్పుడు 100 అనుకుంటే కొత్తదానిలో 69. ఇప్పుడు నెల ఖర్చు 76, అందులో ఇంటి వాయిదా 28. మిగిలే 24 పొదుపు. అలసిపోయి పెట్టిన ఖర్చు 9 వచ్చింది. వండుకునే ఓపిక లేక తెప్పించుకున్నవి, లేట్ అయిందని ఎక్కిన కార్లు, పాపతో గడపలేదని కొన్న బొమ్మలు. ఆ బొమ్మల జాబితా చూసి మా ఆవిడ ఏమీ అనలేదు, నేనే లేచి బయటికి వెళ్లాను. అవి తీసేస్తే ఖర్చు 67. అంటే మిగిలేది 2. బతుకు మారదు, పొదుపు పోతుంది.

ఆ కంపెనీలో ఒకమ్మాయిని కలిశాను. నాలుగేళ్లుగా ఉందట. ముందున్నాయన కుటుంబంతో వేరే ఊరికి మారాల్సి వచ్చి మానేశాడు. ఒకే కస్టమర్ నుంచి 40 శాతం ఆదాయం. ఇది కొంచెం భయంగా ఉంది. ఒప్పందం ఇంకో రెండేళ్లుందని చెప్పారు. జీతం పెంచలేమన్నారు. రాత్రి కాల్స్ ఉండవన్నదీ, ఆరు నెలలకి జీతం మళ్లీ చూస్తామన్నదీ ఉత్తరంలో పెట్టారు.

ముందు_అప్పు_తీరాలి
నెలకి 2 మిగలడం అంటే గాలిలో దీపం. ఒక్క జ్వరం చాలు.

లెక్కలపిచ్చి
ఒప్పుకుంటాను, 2 సరిపోదు. దానికి దారి ఉంది. మీ పాత పొదుపులో ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి, దాన్ని దేనికీ ముట్టుకోవద్దు. పైన మిగిలితే అప్పులో ముందుగా కట్టండి. కట్టేటప్పుడు కాలం తగ్గించాలా, నెల వాయిదా తగ్గించాలా అన్నది మీరే స్పష్టంగా చెప్పాలి. కాలం తగ్గిస్తే మొత్తం వడ్డీ బాగా కలిసొస్తుంది, మామూలుగా నేను అదే చెప్తాను. మీకు మాత్రం వాయిదా తగ్గాలి. 28 కాస్తా 22 అయితే నెలకి 8 మిగులుతుంది. అప్పుడు దీపం గాలిలో ఉండదు.

నిద్రలేని_రాత్రి
22 కాదు గానీ 23కి తేవచ్చు. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టాకే. నెలకి 7.

ముందు_అప్పు_తీరాలి
అలా అయితే నేను ఇంక అడ్డు చెప్పను. 40 శాతం కస్టమర్ మీద మాత్రం ఓ కన్నేసి ఉంచండి. ఒప్పందం ముగిసే ముందు ఆరు నెలల నుంచే.

పాత_గడియారం
వచ్చేటప్పుడు పాతవాళ్లతో మంచిగా రండి తమ్ముడూ. పని అప్పగించే కాగితాలు శుభ్రంగా రాసి ఇవ్వండి. ఆ 14 మందీ రేపు ఎక్కడెక్కడో ఉంటారు, వాళ్లలో ఎవరో ఒకరు మీకు ఉద్యోగం ఇచ్చే రోజు కూడా రావచ్చు.

నిద్రలేని_రాత్రి
నిన్న రాజీనామా ఇచ్చాను. నోటీసు 60 రోజులు. మా ఆవిడ ఈసారి "నీ ఇష్టం" అనలేదు, "ఎప్పుడిస్తున్నావు" అని అడిగింది. మేనేజర్ ఎక్కువ జీతం ఇస్తామన్నారు. రాత్రి వంతుల గురించి అడిగితే, దాని గురించి తర్వాత మాట్లాడదాం అన్నారు. మూడోసారి అడిగినా మళ్లీ అదే వాయిదా మాట.

రాత్రి రెండింటికి మళ్లీ మోగింది. లేచి ఎత్తాను. 59 రోజులున్నాయి.

పగటి_డాక్టర్
బీపీ చూపించుకున్నారా?

నిద్రలేని_రాత్రి
చూపించుకున్నాను. కొంచెం ఎక్కువుంది. నెల తర్వాత మళ్లీ రమ్మన్నారు.

లెక్కలపిచ్చి
అయితే ఒకటి వెంటనే చేయండి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా సాధారణంగా చివరి పనిరోజుతో ఆగిపోతుంది. కొత్తచోట ఏ రోజు నుంచి మొదలవుతుందో రాతపూర్వకంగా తెలుసుకోండి. మధ్యలో ఖాళీ వస్తే దానికి సొంతంగా ఒకటి ఇప్పుడే చూసుకోండి, బీపీ సంగతి దాచకుండా చెప్పి. అమ్మగారి పేరు పాత బీమాలో ఉందా?

నిద్రలేని_రాత్రి
ఉంది. ఆ సంగతే తట్టలేదు నాకు. రేపు పొద్దున్నే కనుక్కుంటాను.